అత్యవసర డ్యూటీ ప్రభుత్వానిది, ఇంట్లో పిల్లల సంరక్షణ ఖర్చు ఎవరిది?

2020 ఏప్రిల్ చివర కేంద్రం ప్రకటించిన కోవిడ్ రెడ్‌జోన్ల జాబితాలో కర్నూలు జిల్లా ఉంది. బడులు, అంగన్‌వాడీలు అప్పటికే మూతపడ్డాయి. ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుకు, ఇంటింటి సర్వేకు వెళ్లే ఏఎన్ఎంకు, కంటైన్‌మెంట్ జోన్ దగ్గర నిలబడిన కానిస్టేబుల్‌కు సరిగ్గా ఆ రోజుల్లోనే డ్యూటీ పెరిగింది. ఆదోని నుంచో ఆలూరు నుంచో అవ్వను పిలిపించుకుందామంటే బస్సులు లేవు. ఎలాగో వచ్చినా, వైరస్ సోకితే అందరికన్నా ఎక్కువ ప్రమాదం ఆమెకే. పక్కింటావిడకో, తెలిసిన ఆయాకో డబ్బిచ్చి పిల్లలను అప్పగించడం తప్ప చాలామందికి మరో దారి కనిపించలేదు.

ఆ డబ్బు తిరిగి పొందే వీలు మన నిబంధనల్లో లేదు. కుటుంబ సభ్యులు జబ్బు పడితే 1972 నాటి మెడికల్ అటెండెన్స్ నిబంధనలు, ఉద్యోగుల ఆరోగ్య పథకం ఉన్నాయి. ఆసుపత్రి బిల్లుకు దారి ఉంది గానీ, మంచాన ఉన్న తండ్రిని పగలంతా కనిపెట్టుకుని ఉన్న మనిషి కూలికి లేదు.

సెలవులు ఉన్నాయి కదా అంటారు. రాష్ట్రంలో శిశు సంరక్షణ సెలవు 2016లో 60 రోజులతో మొదలై 2022లో 180 రోజులకు పెరిగింది. ఇంట్లో ఆధారపడినవారికి కోవిడ్ సోకితే 15 రోజుల ప్రత్యేక ఆకస్మిక సెలవును కేంద్రం 2021 జూన్‌లో తన ఉద్యోగులకు ఇచ్చింది. ఇవన్నీ అవసరమైనవే. అయితే మహమ్మారిలో సెలవు దొరకనిది, ఆ సమయంలో ఎవరు లేకపోతే పని ఆగిపోతుందో వారికే.

ఆఫీసు పని మీద పత్తికొండ వెళ్లిన ఉద్యోగికి ప్రయాణ భత్యం ఇస్తున్నాం. డ్యూటీ వల్ల పడిన ఖర్చు కాబట్టే ఇస్తున్నాం. ఆయాకు ఇచ్చిన డబ్బూ అలాంటిదే. దివ్యాంగ మహిళా ఉద్యోగులకు బిడ్డ పుట్టినప్పటి నుంచి రెండేళ్లు నిండేవరకు నెలకు 3,000 రూపాయల శిశు సంరక్షణ భత్యాన్ని కేంద్రం 2017లో అమల్లోకి తెచ్చింది. బిడ్డను చూసుకోవడానికయ్యే ఖర్చును ప్రభుత్వం భరించడం, అంటే, కొత్త ఆలోచనేమీ కాదు.

చిక్కు రసీదుల దగ్గర వస్తుంది. పక్కింటావిడ ఓచరు రాసివ్వదు, ఓచరు లేనిదే ట్రెజరీ బిల్లు పాస్ చేయదు. అందుకే బిల్లుల పద్ధతి వదిలి, కలెక్టరు అత్యవసర డ్యూటీ ఉత్తర్వు ఇచ్చిన రోజు నుంచి, ఉద్యోగి స్వీయ ధ్రువీకరణ మీద రోజుకు ఇంత అని భత్యం చెల్లించడం మేలు.

అది కాంట్రాక్టు నర్సుకు, ఔట్‌సోర్సింగ్ పారిశుధ్య కార్మికురాలికి, ఆశా కార్యకర్తకు కూడా అందాలి. తక్కువ రాబడిలోంచి ఆయాకు డబ్బిచ్చి డ్యూటీకి వచ్చినవారు వాళ్లే. వారిని వదిలేసి రెగ్యులర్ ఉద్యోగులకే వర్తించే జీవో తెస్తే దాన్ని నేను సమర్థించలేను.