వ్యాసపీఠానికి మూడు వయసులు

మనలో చాలామందికి పుట్టినతేదీలు రెండు. అమ్మ చెప్పేది ఒకటి, పదో తరగతి సర్టిఫికెట్‌లో ఉండేది ఇంకొకటి. అలాంటి మనం, హైదరాబాద్ వేలం హాల్లో బల్ల ఎక్కిన, పుస్తకం ఆన్చి చదువుకునే ఓ చెక్క వ్యాసపీఠానికి మూడు వయసులున్నాయని వేలెత్తి చూపడం ఏం న్యాయం?

మొదటిది వేలంపాట వయసు. 5 వేల దగ్గర అది ఉత్త పాత సామాను. 20 వేలు దాటగానే నిజాం కాలానిది. ‘ఒకటోసారి’ అన్నాక ఏదో నవాబుగారి దేవిడీలోంచి వస్తుంది. ‘రెండోసారి’ అనేసరికి సాలార్‌జంగ్ మ్యూజియంలో ఢిల్లీ సుల్తాను ఇల్తుత్‌మిష్ పేరున్న జేడ్ రాతి రెహల్‌కు (వ్యాసపీఠానికి ఉర్దూ పేరు) దగ్గరి చుట్టమైపోతుంది. రాయికీ చెక్కకీ మేనరికం ఎలా కుదిరిందని అడిగేవాడు పెళ్లి చెడగొట్టే రకం. ఆ లెక్కన బాలాపూర్ లడ్డూయే నయం. 1994లో 450 రూపాయలతో మొదలైన పాట 2024లో 30 లక్షలు దాటింది కానీ, లడ్డూ వయసు మీద మాత్రం ఇంతవరకూ తగాదా లేదు.

రెండోది చట్టం వయసు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం ఇలాంటి వస్తువుకు నూరేళ్లు నిండితే పురావస్తువు. దాంతో వ్యాపారం చేయాలంటే లైసెన్సు ఉండాలి, సొంతంగా దేశం దాటించడానికి వీల్లేదు. అందుకే పాటలో 150 ఏళ్లున్న పీఠం, రసీదు రాసే బల్ల దగ్గరికి వచ్చేసరికి 99 దగ్గర ఆగిపోతుంది. పదడుగుల నడకలో యాభై ఏళ్లు తగ్గించే వైద్యం వేరే ఎక్కడా దొరకదు.

మూడోది చెక్క వయసు. దీన్ని ఎవరూ అడగరు, పాపం.

అసలైన రెహల్ ఒకే పలక. రెండు కొసల నుంచీ మందాన్ని సగానికి రంపంతో చీల్చుకొస్తారు. మధ్యలో మాత్రం చీల్చకుండా, వేళ్లలో వేళ్లు దూర్చినట్టు కీళ్లు తొలుస్తారు. మేకు లేదు, జిగురు లేదు, బందు కూడా లేదు. (బందును ఉర్దూలో కబ్జా అంటారు. ఈ ఊళ్లో కబ్జా లేకుండా నిలబడ్డవాటిలో ఇదొకటి.) పీఠాన్ని మూసి, పై అంచు వెలుతురులో చూడండి. ఒక రెక్కలోని వలయాల గీతలు, రంపం తిన్న మేర వదిలి, రెండో రెక్కలో కొనసాగాలి. కొనసాగకపోతే అవి రెండు వేర్వేరు చెట్లు. వాటిది ప్రేమ వివాహం.

తర్వాత పురుగు రంధ్రాలు. చెక్కపురుగు బయటికొచ్చిన కన్నం గుండ్రంగా, ఒకటి రెండు మిల్లీమీటర్లు ఉంటుంది. లోపలి సొరంగం వంకరలు పోతుంది కాబట్టి సన్నటి సూది కాస్త దిగి ఆగిపోతుంది. నిటారుగా అడుగుదాకా దిగిందంటే ఆ పురుగు పేరు డ్రిల్లింగ్ మిషను. సొరంగాలు పైన కాలవల్లా నిలువునా తెరుచుకుని ఉంటే, పురుగు తిన్న పాత దూలాన్ని ఈమధ్యే కోశారని అర్థం. చెక్కది తాత వయసే, పీఠమే మనవడు.

రంగు సంగతి. టీ డికాక్షన్, పర్మాంగనేటు, బూటు పాలిషు, ఈ మూడూ చెక్కను గంటల్లో ముసలిదాన్ని చేస్తాయి. కానీ అన్నిచోట్లా ఒకేలా ముసలిదాన్ని చేస్తాయి. నిజంగా వాడిన పీఠం చేయి పడేచోట, పుస్తకం ఆనేచోట నునుపుదేలుతుంది. మూలలు మురికిగా మిగులుతాయి. తడిపిన తెల్లగుడ్డ కీళ్ల సందుల్లో తిప్పితే బూటు పాలిషు తనంతట తనే ఒప్పుకుంటుంది.

ప్లస్ గాటు స్క్రూ కనిపిస్తే అది 1930ల తర్వాతి సంగతి. ‘మధ్యలో రిపేరు చేయించారండీ’ అంటారు. నిజమే కావచ్చు కూడా.

పాటకు ముందు సరుకు చూడనిస్తారు. సూది, గుడ్డ, టార్చి పట్టుకెళ్లండి. అమ్మకం ‘ఉన్నది ఉన్నట్టుగా’ కాబట్టి తర్వాత వగచి లాభం లేదు. వానాకాలంలో మాత్రం పీఠాన్ని బలవంతంగా తెరవకండి. చెక్క ఉబ్బి కీళ్లు పట్టేసి ఉంటాయి, పుటుక్కున విరుగుతాయి. ఆ కీలు పలకలో భాగం, కొత్తది వేయడం కుదరదు. అది మీ చేతిలో విరిగిన క్షణాన, రసీదు బల్ల దగ్గర 99 ఏళ్లే ఉన్న పీఠానికి మళ్లీ 150 నిండుతాయి.