సవరణ: చెకర్స్ రాజీనామాల గురించి నేను రాసింది తప్పు

బ్రెగ్జిట్ (యూరోపియన్ యూనియన్, అంటే ఈయూ నుంచి బ్రిటన్ బయటికి రావడం) మీద అప్పటి బ్రిటన్ ప్రధాని థెరిసా మే కేబినెట్‌లో జరిగిన గొడవల గురించి మొన్న రాస్తూ, 2018లో ప్రధాని విడిది భవనం చెకర్స్‌లో జరిగిన సమావేశం నుంచే డేవిడ్ డేవిస్, బోరిస్ జాన్సన్, డొమినిక్ రాబ్ ముగ్గురూ రాజీనామా చేసి బయటికి వచ్చేశారన్నాను. తప్పు నాదే, క్షమించండి.

జూలై 6, శుక్రవారం ఆ సమావేశంలో ఎవరూ లేచి వెళ్లలేదు, బ్రెగ్జిట్ తర్వాత ఈయూతో సంబంధాలపై మే పెట్టిన ప్లాన్‌కి కేబినెట్ మొత్తం సరేనంది. ఆదివారం రాత్రి బాగా పొద్దుపోయాక డేవిస్ తప్పుకున్నారు, సోమవారం మధ్యాహ్నానికి విదేశాంగ మంత్రి జాన్సన్ కూడా. రాబ్ అయితే డేవిస్ ఖాళీ చేసిన బ్రెగ్జిట్ మంత్రి కుర్చీలోకే వచ్చారు! ఆయన రాజీనామా నవంబర్ 15న, అంటే 585 పేజీల బ్రెగ్జిట్ ఒప్పందం ముసాయిదాకి కేబినెట్ అయిదు గంటలు కూర్చుని ఒప్పుకున్న మర్నాడు. అదే రోజు పని, పింఛన్ల మంత్రి ఎస్తర్ మెక్‌వే కూడా వెళ్లిపోయారు.

ఇంకొకటి, ఇది నాకు ఎక్కువ బాధగా ఉంది. వెళ్లినవాళ్లంతా ఈయూతో పూర్తి తెగతెంపులు కోరినవాళ్లే అన్నట్టు రాశాను. కాదు. బోరిస్ సొంత తమ్ముడు జో జాన్సన్ నవంబర్ 9న రవాణా సహాయమంత్రి పదవి వదిలింది, మళ్లీ జనాన్నే అడగండి, రెండో రెఫరెండం పెట్టండి అని. ఒకే ఇంటి అన్నదమ్ములు, నాలుగు నెలల తేడాలో, చెరో వైపు నుంచి మే ప్లాన్‌ని కాదన్నారు. ఆ ముక్క వదిలేసి ఆమె ఎంత ఇరుకున పడ్డారో చెప్పబోయాను, కుదరదు కదా. పాతదాంట్లో ఆ రెండు పేరాలూ మార్చేశాను.