అమ్మానాన్నలకు ఏ సింగపూర్ చూపిద్దాం?

పిల్లల దగ్గరికని ఊరి నుంచి వచ్చే అమ్మానాన్నలకు మనం చూపించే సింగపూర్ దాదాపు అందరిళ్లలోనూ ఒకటే. మెరీనా బే, సెంటోసా, ఒక సాయంత్రం ముస్తఫా షాపింగ్ సెంటర్. తిరిగెళ్లాక వాళ్లు చుట్టాలకు చెప్పేదీ ఒకటే: రోడ్లు అద్దంలా ఉన్నాయి, ఎంతెంత బిల్డింగులో! అదీ నిజమే. కానీ ఇన్ని మతాల, భాషల వాళ్లు పక్కపక్కన ఎలా బతుకుతున్నారో చూడకుండా వాళ్లు విమానం ఎక్కకూడదని నాకు గట్టిగా అనిపిస్తుంది.

వాటర్‌లూ స్ట్రీట్‌తో మొదలుపెట్టండి. 1870 నాటి శ్రీకృష్ణన్ ఆలయం, దానికి దగ్గర్లోనే చైనీయుల క్వాన్ ఇమ్ గుడి ఉన్నాయి. క్వాన్ ఇమ్ తల్లికి మొక్కుకుని వచ్చిన చైనీస్ భక్తులు కృష్ణుడి గుడి ముందు కూడా ఆగి, అగరొత్తులు పట్టుకుని దండం పెట్టుకుంటారు. అదే వీధిలో 1878 నాటి యూదుల ప్రార్థనా మందిరం ఉంది. మన పెద్దవాళ్లకు ఇదంతా విడమరిచి చెప్పనక్కర్లేదు. దర్గాలో మొక్కు తీర్చుకున్నవాళ్లు, పీర్ల పండక్కి ఊరంతటితో కలిసి నడిచినవాళ్లు వాళ్లలో ఎంతమందో!

తర్వాత తెలోక్ ఆయర్ స్ట్రీట్. ఒకప్పుడు అది సముద్రపు ఒడ్డు. ఓడ దిగిన చైనీయులు క్షేమంగా చేరినందుకు సముద్రపు తల్లి మాజుకు మొక్కు చెల్లించుకున్న చోట థియన్ హాక్ కెంగ్ గుడి వెలిసింది. అదే వీధిలో తమిళ తీరం నుంచి వచ్చిన ముస్లింలు నాగూర్ స్వామి పేరిట 1828-30 మధ్య దర్గా కట్టుకున్నారు. తర్వాత సముద్రాన్ని పూడ్చేయడంతో ఇప్పుడు అక్కడ ఎటు చూసినా ఆఫీసులే.

అయితే గుళ్లు చూపించి ఊరుకుంటే సగమే చెప్పినట్టు. ఈ సఖ్యత ఊరికే రాలేదు. 1964లో జులైలోనూ సెప్టెంబరులోనూ మలయ్, చైనీయుల మధ్య జరిగిన అల్లర్లలో 36 మంది చనిపోయారు. ఆ జులై 21ని గుర్తుంచుకుని బడుల్లో ఏటా రేషియల్ హార్మనీ డే జరుపుతారు. ఏ వర్గమూ ఒకేచోట గుంపుగా చేరిపోకుండా, 1989 నుంచి ప్రభుత్వ గృహ సంస్థ హెచ్‌డీబీ ప్రతి బ్లాకులో ఒక్కో వర్గానికి ఇన్ని ఇళ్లేనని పరిమితి పెట్టింది. దీని బరువు ఎక్కువగా మోసేది తక్కువ సంఖ్యలో ఉన్నవాళ్లే. చైనీయుల కోటా నిండిన బ్లాకులో ఒక భారతీయ కుటుంబం ఇల్లు అమ్మాలంటే చైనీయులకు అమ్మే వీలుండదు. కొనేవాళ్లు తగ్గుతారు, ధరా తగ్గొచ్చు. అది చిన్న కష్టమేం కాదు. అయినా ఆ నియమం ఉండాల్సిందేనంటాను, నష్టపోయేవాళ్లకు ప్రభుత్వం తోడు నిలవాలని కూడా అంటాను.

ఆ నియమం ఏం చేసిందో చూడాలంటే సాయంత్రం మీ బ్లాకు కింద ఖాళీగా వదిలిన వాయిడ్ డెక్‌లో వాళ్లను కాసేపు కూర్చోబెట్టండి. ఒక వారం మలయ్ పెళ్లి, మరో వారం చైనీయుల అంత్యక్రియలు జరిగేది అక్కడే. అక్కడ పక్కింటి పెద్దావిడ పలకరిస్తే అమ్మ కూడా ధైర్యంగా పలకరించొచ్చు. వరస ఒకటే, ఆంటీ! మిగతాది చేతులతోనే మాట్లాడుకుంటారు.

తిండి విషయంలో శాకాహారులకు టెన్షన్ వద్దు. చిన్న చిన్న తిండి స్టాళ్లన్నీ ఒకేచోట ఉండే హాకర్ సెంటర్లలో చాలావాటిలో చైనీస్ వెజిటేరియన్ స్టాల్ ఉంటుంది. గుడ్డు తినకపోతే మాత్రం ముందే అడగండి. కండెన్స్‌డ్ మిల్క్ కలిపిన ఇక్కడి కాఫీ, అంటే కోపి, మన నాన్నలకు నచ్చుతుంది, షుగర్ ఉన్నవాళ్లకు తీపి లేకుండా చెప్పండి. ఒకే బల్ల దగ్గర ఒకరు కొబ్బరిపాలతో వండిన మలయ్ అన్నం నాసి లెమాక్, ఒకరు దోసె, ఒకరు నూడుల్స్ తినడం ఇక్కడ వింతేం కాదు. హలాల్ వంటకాల ట్రేలు తిరిగి పెట్టే అర వేరుగా ఉంటుందని పెద్దవాళ్లకు చెప్పి, వాళ్ల చేతే పెట్టించండి.

ఇక్కడి మన తెలుగు సమాజం పెద్దలకు ఒక విన్నపం. పండగలకు హాలు బుక్ చేస్తున్నాం, సంతోషం. దాంతోపాటు నెలకో ఆదివారం పొద్దున, ఎండ ముదరకముందే, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలను వాటర్‌లూ స్ట్రీట్‌కూ తెలోక్ ఆయర్‌కూ తీసుకెళ్లి తెలుగులో వివరించే ఏర్పాటు చేయండి. నడవలేనివాళ్ల కోసం మధ్యలో కూర్చునే చోటు చూడాలి. చరిత్ర చదివిన పిల్లలు మనలో ఉన్నారు, వాళ్లకు చెప్పే అవకాశమివ్వండి. మొదటి నెల నడిపించే బాధ్యత నేను తీసుకుంటాను.