సెన్సర్ చిన్నదైతే చాలదు

అయస్కాంత పరిశీలనాలయంలో పరికరం దగ్గరికి వెళ్లేవాళ్లు తాళంచెవులు, ఫోను, బెల్టు బకిల్ దాకా బయటే వదిలి వెళ్లాలి. ఆ గదిని కట్టేటప్పుడు ఇనుప మేకు కూడా వాడరు. నగరపు సందడి కొలతలను పాడుచేస్తుంది కాబట్టే హైదరాబాద్‌లోని ఎన్‌జీఆర్‌ఐకి (జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ) చౌటుప్పల్‌లోనూ ఒక పరిశీలనాలయం అవసరమైంది. నేల మీద ఇలా దూరం జరిగే వీలుంది. బ్యాటరీలు, మోటార్లు, సౌర ఫలకాల కరెంటు అన్నీ ఒకే పెట్టెలో ఉండే ఉపగ్రహానికి ఆ వీలు లేదు. అంతరిక్షానికి పంపే అయస్కాంత సెన్సర్లను ఎంత చిన్నవిగా, ఎంత తక్కువ విద్యుత్తుతో నడిచేలా చేయవచ్చన్న చర్చలో ఈ సంగతి వెనక్కి పోతోందని నా అభిప్రాయం.

సూర్యుణ్ని పరిశీలించే ఇస్రో నౌక ఆదిత్య-ఎల్1నే తీసుకుందాం. మన ప్రాంతంలో భూ అయస్కాంత క్షేత్రం 40,000 నానోటెస్లాల (క్షేత్ర బలాన్ని కొలిచే చిన్న ప్రమాణం) పైచిలుకు ఉంటే, భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఆ నౌక కొలవాల్సింది మామూలు రోజుల్లో ఐదారు నానోటెస్లాలే. అందుకే బెంగళూరులోని ఇస్రో ప్రయోగశాల లియోస్ తయారుచేసిన రెండు ఫ్లక్స్‌గేట్ మాగ్నెటోమీటర్లను (అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే పరికరాలు) 6 మీటర్ల బూమ్ మీద, అంటే నౌక నుంచి బయటికి చాచే చేయి మీద, ఒకటి నౌకకు 3 మీటర్ల దూరంలో, మరొకటి చివరన అమర్చారు. శ్రీహరికోట నుంచి బయలుదేరాక 132 రోజుల పాటు మడతపడి ఉన్న ఆ చేయి, 2024 జనవరి 11న సుమారు 9 సెకన్లలో విచ్చుకుంది. రెండు ఎందుకంటే, దూరం రెట్టింపైతే నౌక సొంత క్షేత్రం దాదాపు ఎనిమిదో వంతుకు పడిపోతుంది, సౌర పవనం (సూర్యుడి నుంచి వీచే ఆవేశిత కణాల ప్రవాహం) తెచ్చే క్షేత్రం మాత్రం రెండు చోట్లా ఒకటే. కాబట్టి రెండు రీడింగుల తేడాలో దొరికేది నౌక చేసిన కల్తీ.

10 సెంటీమీటర్ల ఘనాలను పేర్చి చేసే చిన్న ఉపగ్రహం క్యూబ్‌శాట్‌కు అంత చేయి ఎక్కడిది? సెన్సర్‌ను కుదించాల్సిన అవసరం ఇక్కడే వస్తుంది, చిక్కూ ఇక్కడే. ఫ్లక్స్‌గేట్‌లో పర్మల్లాయ్ (నికెల్, ఇనుముల మిశ్రలోహం) కోర్‌ను సెకనుకు వేల సార్లు అటూ ఇటూ సంతృప్త స్థితికి, అంటే దాని అయస్కాంతత్వం ఇక పెరగని దశకు తోస్తారు. బయటి క్షేత్రం ఆ సౌష్ఠవాన్ని చెడగొట్టినంత మేరకు తీగచుట్టలో రెట్టింపు పౌనఃపున్యంతో సంకేతం పుడుతుంది. ఆ తోపుడుకే విద్యుత్తు ఖర్చవుతుంది, కోర్‌ను చిన్నది చేస్తే కొలతలో రొద (అక్కర్లేని ఒడిదుడుకులు) పెరుగుతుంది. పలుచటి పర్మల్లాయ్ పొర నిరోధంలో వచ్చే మార్పును చదివే ఏఎంఆర్ (అనైసోట్రోపిక్ మాగ్నెటోరెసిస్టెన్స్) చిప్ వేలిగోరంతే, కానీ రొద ఇంకా ఎక్కువ. లండన్‌లోని ఇంపీరియల్ కాలేజీ ఒక వాట్‌కు లోపే నడిచే అలాంటి పరికరాన్ని 2012లో ‘సినిమా’లో పంపింది. పేరు చూసి తికమకపడవద్దు, అది ఉపగ్రహమే. దానికీ మీటరు పొడవు బూమ్ తప్పలేదు.

బూమ్ మానేసి, నాలుగైదు చిప్‌లు ఉపగ్రహం లోపలే పెట్టి, కల్తీని సాఫ్ట్‌వేర్‌తో తీసేద్దాం అనేవారున్నారు. కొంతవరకు నిజమే. ఉపగ్రహాన్ని తిప్పడానికి లోపల గిరగిర తిరిగే రియాక్షన్ వీల్ రొదను దాని పౌనఃపున్యమే పట్టిస్తుంది. ఫలకాల కరెంటు టెలిమెట్రీలో (ఉపగ్రహం భూమికి పంపే తన స్థితి వివరాల్లో) కనిపిస్తూనే ఉంటుంది. ఎండ నుంచి నీడకు వెళ్లినప్పుడు వేడిమితో పాటు మెల్లగా జరిగే ఆఫ్‌సెట్ (క్షేత్రం లేకున్నా సెన్సర్ చూపే రీడింగు) సంగతి వేరు. కొలవదలచిన క్షేత్రం కూడా అంతే మెల్లగా మారుతుంటే, ఏది దేనిదో తేల్చడానికి ఆ గణితం దగ్గర సాక్ష్యం ఉండదు.

కాబట్టి హైదరాబాద్‌లోనైనా బెంగళూరులోనైనా చిన్న ఉపగ్రహాలు కట్టే కంపెనీలు సెన్సర్ డేటాషీట్ కంటే ముందు తమ వైరింగ్ పటం చూసుకోవాలి. రానుపోను తీగలను మెలివేసి, సౌర ఘటాల వరుస వెనకే తిరుగు తీగను నడిపితే రెండు కరెంట్ల క్షేత్రాలు ఒకదాన్నొకటి చాలావరకు రద్దు చేసుకుంటాయి. ఉపగ్రహాన్ని తిప్పి నిలిపే మాగ్నెటోటార్కర్లను కొలత తీసే క్షణాల్లో ఆపవచ్చు. స్క్రూలు టైటానియంవో ఇత్తడివో కావాలని కొనుగోలు పత్రంలో రాయడానికి అదనపు వాట్ అక్కర్లేదు. స్టెయిన్‌లెస్ స్టీలే కదా అని ఊరుకుంటే, మర కోసేటప్పుడు అందులో కొన్ని రకాలు అయస్కాంతత్వం పుంజుకుంటాయి, ఆ సంగతి చాలాసార్లు ఉపగ్రహాన్ని పూర్తిగా బిగించాక గానీ బయటపడదు.