డబ్బా తిప్పి చూడండన్నా

ఆదివారం పొద్దున్నే నార్కట్‌పల్లి దగ్గర చాయ్‌కి ఆగితే, పది బండ్లుంటే పదకొండు ఆయిల్ సలహాలు వినిపిస్తాయి. ఒకాయన మోతుల్ తప్ప ముట్టనంటాడు. ఇంకొకాయన క్యాస్ట్రాల్ అంటాడు. సర్వో మన ప్రభుత్వ కంపెనీది, దానికేం తక్కువని మూడో ఆయన లేస్తాడు. ఈ గొడవ చాయ్ చల్లారేదాకా నడుస్తుంది. "మీ బండికి పుస్తకంలో ఏ గ్రేడ్ రాసుంది?" అని అడిగితే మాత్రం టేబుల్ అంతా గప్‌చుప్.

మన ఇళ్లలో దీపానికి ఒక నూనె, తలకు ఒక నూనె, ఆవకాయకు ఇంకో నూనె. ఆవకాయలో కొబ్బరి నూనె పోస్తానంటే అమ్మ గరిటె తిరగేస్తుంది. నూనెల విషయంలో ఇంత పట్టింపున్న మనం, లక్షలు పెట్టి కొన్న బండి దగ్గరికొచ్చేసరికి "ఏదైనా ఆయిలే కదా" అంటాం. నేనూ అన్నవాణ్నే. అందుకే ఈ పోస్ట్.

పోయిన మే నెల. నాది 350 సీసీ బండి, గాలికి చల్లబడే ఇంజన్. శనివారం శ్రీశైలం ప్రయాణం పెట్టుకుని గురువారం సాయంత్రం నల్లగొండలోనే ఒక షాపుకి ఆయిల్ మార్పించడానికి వెళ్లాను. నా బండికి కావలసిన గ్రేడ్, అంటే ఆయిల్ చిక్కదనం చెప్పే అంకెలు, 15డబ్ల్యూ-50. అది అయిపోయిందట. "అన్నా, దీనికన్నా మంచిదుంది, ఫుల్ సింథటిక్, కార్లల్ల పోస్తరు. రేటు ఎక్కువే గానీ ఇంజన్ మక్కన్ లెక్క నడుస్తది" అన్నాడు మెకానిక్. డబ్బా మీద 5డబ్ల్యూ-30 అని ఉంది. చూశాను. రేటెక్కువ కాబట్టి మంచిదే అయ్యుంటుందని ఊరుకున్నాను. తప్పులో సగం నాదే.

దేవరకొండ, డిండి దాకా నిజంగానే మక్కన్ లాగా నడిచింది. మన్ననూర్ దాటి అడవిలో చల్లగాలికి వెనక మా ఆవిడ పాటలు కూడా అందుకుంది. దోమలపెంట నుంచి ఘాట్ దిగి, డ్యామ్ దాటి అవతల ఎక్కడం మొదలుపెట్టాక తేడా తెలిసింది. ఎక్సలేటర్ తిప్పితే ఇంజన్ అరుస్తోంది, బండి కదలదు. మూడో గేర్‌లో మోత పెరుగుతోంది, స్పీడు తగ్గుతోంది. వెనక లారీ వాడు హారన్ మీద చెయ్యి తీయడం లేదు. పాట ఆగిపోయింది.

సున్నిపెంటలో ఒక పెద్దాయన చూశాడు. ముందు క్లచ్ కేబుల్ ఆట సరిచేశాడు, తేడా లేదు. తర్వాత నా ముఖం చూసి, "ఏం ఆయిల్ పోసినావు నాయనా దీంట్లో?" అన్నాడు. చెప్పాను. ఆయన నవ్వలేదు, తిట్టలేదు. "నిదానంగా పో" అన్నాడు.

మర్నాడు తిరుగు ప్రయాణం ఇంకో టెన్షన్. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లో రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా రోడ్డు మూస్తారు. సాయంత్రం అయిదున్నరకు బయలుదేరి, డ్యామ్ నుంచి పైకి ఎక్కేదంతా రెండో గేర్‌లో బండిని బతిమాలుకుంటూ, మన్ననూర్ చెక్‌పోస్టు చేరేసరికి ఎనిమిదీ ఇరవై. ఇంటికొచ్చి సరైన ఆయిల్ పోయించినా క్లచ్ పట్టు జారడం పూర్తిగా తగ్గలేదు. క్లచ్ ప్లేట్లు నున్నగా అద్దంలా అయిపోయాయి, మార్చాల్సి వచ్చింది. రేటెక్కువ ఆయిల్ కొని, ఆ పైన ప్లేట్లూ కొన్నాను.

ఇప్పుడు విషయానికి వస్తాను. కారులో ఇంజన్ ఆయిల్ ఇంజన్‌కి మాత్రమే. గేర్‌బాక్సుకు వేరే ఆయిల్, క్లచ్ పొడిగా ఉంటుంది. మన గేర్ బండ్లలో దాదాపు అన్నిటికీ ఒకే ఆయిల్ మూడు పనులు చేస్తుంది: పిస్టన్‌ని, గేర్లని కాపాడుతుంది, క్లచ్ ప్లేట్లని తడుపుతుంది. క్లచ్‌కి రాపిడి కావాలి, లేకపోతే పట్టదు. మైలేజ్ కోసం తయారుచేసే కారు ఆయిళ్లలో రాపిడి తగ్గించే మందులు కలుపుతారు. డబ్బా మీది గుండ్రటి ఏపీఐ (అమెరికా పెట్రోలియం సంస్థ) ముద్ర కింది భాగంలో "రిసోర్స్ కన్జర్వింగ్" అని ఉంటే అది ఆ రకమే. కారుకు అది వరం, మన క్లచ్‌కి శని.

అందుకే జపాన్ వాళ్లు 1998లో బండ్లకని జాసో అనే వేరే ప్రమాణం పెట్టారు. ఎంఏ అని ఉంటే తడి క్లచ్‌కి పనికొస్తుంది. అందులోనే ఎంఏ1, ఎంఏ2 అని రెండు, ఎంఏ2కి పట్టు ఎక్కువ. ఎంబీ అంటే రాపిడి తక్కువ, స్కూటీలకి. వాటి క్లచ్ ఆయిల్‌లో మునగదు కాబట్టి ఇబ్బంది లేదు. ఇంట్లో స్కూటీకి తెచ్చిన ఆయిల్ మిగిలిందని గేర్ బండిలో పోసినవాళ్లు నాకు తెలుసు. పేర్లు చెప్పను, ఈ పోస్ట్ చదువుతారు.

కారు ఆయిల్ పోసినా ఏమీ కాలేదనేవాళ్లూ ఉన్నారు, అబద్ధం కాదు. ప్లేట్లు కొత్తవైతే, ఒక్కరే ఊళ్లో తిరిగితే నెట్టుకొస్తుంది. ఇద్దరు మనుషులు, రెండు బ్యాగులు, ఘాట్ రోడ్డు, మే ఎండ కలిసినప్పుడు బయటపడుతుంది. టూరింగ్ అంటే ఇదే కదా.

అసలు ఈ "ఏదైనా నడుస్తది" ఎక్కడిదో నాకు తర్వాత అర్థమైంది. మా నాన్న నడిపిన పాత బుల్లెట్‌లో ఇంజన్‌కి ఒక ఆయిల్, గేర్‌బాక్సుకి ఒకటి, క్లచ్ ఉండే చైన్ కేసుకి ఇంకొకటి. దాని ఇంజన్‌లో ఏ ఆయిల్ పోసినా క్లచ్‌కి అంటేది కాదు. ఆ బుల్లెట్ల మీద చెయ్యి తిరిగిన ఉస్తాద్‌ల దగ్గరే ఇప్పటి మెకానిక్‌లు చాలామంది పని నేర్చారు. 2010 నాటికి బుల్లెట్ కూడా మారి మూడూ ఒకే ఆయిల్‌లోకి వచ్చాయి. బండి మారింది, షాపులో మాట మారలేదు.

ఇంకో మాట మన జిల్లాలో మరీ ఎక్కువ: "మన నల్లగొండ ఎండకు పల్చటి ఆయిల్ ఆగదు, 20-50 పొయ్యి." వినడానికి బాగుంటుంది. ఎండ 44 దాటే ఊరు మనది, నిజమే. కానీ గ్రేడ్‌లో రెండో అంకె ఆయిల్ 100 డిగ్రీల వేడిలో ఎంత చిక్కగా ఉంటుందో చెబుతుంది, మొదటిది చలిలో ఎంత తేలిగ్గా పారుతుందో చెబుతుంది. డబ్ల్యూ అంటే వింటర్. మన దేశంలో అమ్మే బండికి 10డబ్ల్యూ-30 రాసిన ఇంజనీరుకి మే నెల సంగతి తెలియదనుకోవడం మన గొప్ప. సన్నటి ఆయిల్ కోసం చేసిన ఇంజన్‌లో చిక్కటిది పోస్తే పొద్దున స్టార్ట్ చేయగానే పైన హెడ్ దాకా చేరడం ఆలస్యం, పికప్ మందం, మైలేజ్ తక్కువ. ఎండను బట్టి వేరే గ్రేడ్ వాడొచ్చని మీ పుస్తకంలోనే పట్టిక ఉంటే సరే, వాడండి. పక్కింటాయన పట్టిక వద్దు.

సింథటిక్ (కృత్రిమంగా తయారుచేసింది) కావాలా, మినరల్ (ముడి నూనెను మామూలుగా శుద్ధి చేసింది) చాలా? రోజుకి పది కిలోమీటర్లు ఆఫీసుకి వెళ్లేవాళ్లు దీని గురించి నిద్ర చెడగొట్టుకోనక్కర్లేదు. గ్రేడ్ సరైనదైతే, టైముకి మారిస్తే చాలు. కిలోమీటర్లు తిరగకపోయినా పుస్తకంలో ఉన్న గడువుకి మార్చాలి, దగ్గర దగ్గర ప్రయాణాలకి ఇంజన్ సరిగా వేడెక్కక తేమ లోపలే ఉండిపోతుంది. ఎండాకాలంలో రోజుకి 400 కిలోమీటర్లు కొట్టేవాళ్లకి మాత్రం సింథటిక్‌కి పెట్టిన డబ్బు దండగ కాదు, వేడికి త్వరగా చెడిపోదు. డబ్బా మీద ఆ మాటున్నంత మాత్రాన అన్నీ ఒకటే సరుకని కూడా అనుకోవద్దు. ముడి నూనెనే గట్టిగా శుద్ధి చేసిన గ్రూప్ 3 నూనెలను కూడా సింథటిక్ పేరుతోనే అమ్ముతారు. అవీ మంచివే, పేరు చూసి మురిసిపోవద్దంటున్నా, అంతే.

నల్లబడగానే "ఆయిల్ పోయింది" అంటారు. మసిని పట్టుకుని తనలో ఉంచుకోవడం ఆయిల్ పనుల్లో ఒకటి, నల్లబడితే పని చేస్తోందన్నట్టు. వేళ్ల మధ్య రుద్ది జిగట చూసే విద్య కూడా నాకు నమ్మకం లేదు. నేను కాలితో తెలుసుకుంటాను: గేర్లు మెత్తగా పడేవి కటకటలాడటం మొదలైతే ఆయిల్ అలసిపోయినట్టు. గేర్ల పళ్ల మధ్య నలిగి దాని చిక్కదనం తగ్గిపోతుంది. పాల చాయ్ రంగులోకి మారితే మాత్రం నీళ్లు చేరాయి, ఆ రోజే తీసేయండి.

ఆయిల్ అంటే ఇంజన్‌దే కాదు. శ్రీశైలం ఘాట్ దిగేటప్పుడు మా బావ బండికి బ్రేక్ లివర్ ఉన్నట్టుండి మెత్తబడి హ్యాండిల్ దాకా వచ్చేసింది. బ్రేక్ ఆయిల్ అయిదేళ్లుగా మార్చలేదు. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు మరిగే వేడి కనీసం 230 డిగ్రీలు, తేమ పట్టాక ఆ కనీసం 155కి పడిపోతుంది. ఘాట్ పొడుగునా బ్రేక్ నొక్కుతూ దిగితే లోపల మరిగి ఆవిరవుతుంది, ఆవిరిని ఎంత నొక్కినా బ్రేక్ పట్టదు. బండిని పక్కకి ఆపి అరగంట కూర్చుంటే లివర్ మళ్లీ గట్టిపడింది, దేవుడి దయ. రెండేళ్లకోసారి మార్పించండి, మీ ముందే సీల్ తీసిన డబ్బాతో. షాపులో మూత తెరిచి నెలల తరబడి పెట్టిన సీసా కొత్తదైనా పాతదే. మీ బండి బ్రేక్ ఆయిల్ మూత మీద డాట్ 4 అని ఉంటే డాట్ 4. డాట్ 5 అంటే అంకె పెరిగింది కదా అని పోయకండి, అది సిలికాన్, దీంతో కలవదు.

చైన్‌కి కాలిన ఇంజన్ ఆయిల్ కొట్టే అలవాటు మన దగ్గర ఇంకా పోలేదు. అందులో ఇనుప రజను ఉంటుంది, దానికి దేవరకొండ రోడ్డు దుమ్ము తోడైతే గరుకు కాగితంతో రుద్దినట్టే. కిరోసిన్‌తో తుడిచి 90 నంబర్ గేర్ ఆయిల్ పల్చగా రాస్తే సరిపోతుంది, బండి ఆపాక చైన్ వెచ్చగా ఉన్నప్పుడు. పెట్రోల్, ఇనుప బ్రష్ వద్దు, లోపలి గ్రీజును పట్టి ఉంచే రబ్బరు రింగులు పాడవుతాయి. ఇంజన్ ఆన్ చేసి గేర్‌లో పెట్టి చైన్ తిప్పుతూ రాయడం అసలే వద్దు. వేళ్లు పోతాయి.

కూలెంట్ ఉన్న బండ్ల వాళ్లకి ఒక్క మాట. తగ్గిందని బోరు నీళ్లు పోస్తున్నారు. మన నీళ్ల సంగతి మనకు ఎవరైనా చెప్పాలా? ఇంట్లో హీటర్ రాడ్డుకి పట్టే తెల్లపొరే రేడియేటర్‌లోనూ పడుతుంది.

ఆయిల్ మార్చాక ఖాళీ డబ్బా షాపులో వదిలి రావద్దు. మీ ముందే చిల్లు పెట్టించండి. మంచి కంపెనీ డబ్బాలో కల్తీ ఆయిల్ నింపి మళ్లీ అమ్మే దందా ఆ ఖాళీ డబ్బాలతోనే నడుస్తుంది. తీసిన పాత ఆయిల్‌ని మోరీలో పోయనివ్వకండి, డ్రమ్ములో పోయించండి. 2016 నిబంధనల ప్రకారం అది ప్రమాదకర వ్యర్థం.

మొన్న అదే షాపుకి మళ్లీ వెళ్లాను. కోపం పెట్టుకుంటే ఊళ్లో ఎన్ని షాపులున్నాయని. ఈసారి నేను అడగకముందే డబ్బా తిప్పి నా ముందు పెట్టాడు. "15-50, ఎంఏ2, జూస్కో అన్నా, మళ్ల నన్ను అనొద్దు" అన్నాడు. సంతోషపడి చాయ్ చెప్పాను. చాయ్ వచ్చేలోపు డ్రెయిన్ బోల్టుకి నలిగిపోయిన పాత వాషరే వేయబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను.