సర్క్యూట్ గీసివ్వడానికి ఏం నొప్పి?

ఎలక్ట్రానిక్స్ సరదా ఉన్నవాళ్లం ఆదివారం విశాఖ ఎంవీపీ కాలనీలో కలుస్తాం. తలా ఒక ప్రాజెక్టు పట్టుకొస్తారు. ఎల్‌ఈడీలు వెలుగుతాయి, మోటార్లు తిరుగుతాయి, ఫొటోలు దిగుతారు. "అన్నా, సర్క్యూట్ ఒకసారి చూపించవా?" అంటే మాత్రం "తర్వాత పంపిస్తాలే". ఎప్పుడు పంపారు? ఎవరు పంపారు?

మొన్న ఒకాయన వాటర్ ట్యాంక్ ప్రాజెక్టుకి కోడ్ ఒక్కటే ఇచ్చాడు. మా పక్కింటి కుర్రాడు వైర్లు నేరుగా కలిపేశాడు. దూరం కొలిచే హెచ్‌సీ-ఎస్‌ఆర్04 సెన్సర్‌లో సిగ్నల్ బయటికిచ్చే ఎకో పిన్ 5 వోల్టులు ఇస్తుంది. కోడ్ నడిపే ఈఎస్‌పీ32 బోర్డు పనిచేసేది 3.3 వోల్టుల మీద. ఆ వోల్టేజీ తగ్గడానికి మధ్యలో 1కె, 2కె (కిలో ఓమ్‌ల) రెసిస్టర్లు రెండు పెట్టుకోమని ఒక్క ముక్క చెప్పకూడదూ? బోర్డు పిన్ పోయింది. చిల్లర ఖర్చుతో ఆగాల్సిన నష్టం!

పైగా మనది సముద్రం ఊరు. ఉప్పుగాలికి బాల్కనీలో పెట్టిన బోర్డు పిన్నులకి పచ్చగా చిలుము పట్టేస్తుంది. పైన రక్షణ పూత వేయాలని నాకు మూడు బోర్డులు పోయాక గానీ తెలియలేదు. తెలిసినవాళ్లు పక్కనే కూర్చుని ఉన్నారు! నోరు విప్పితే ఏం పోయింది?

పనిచేసినవే తెస్తారు. కాలిపోయినవి కూడా తీసుకురండి బాబూ, నేర్చుకునేది వాటితోనే కదా! ఆ కుర్రాడు ఇప్పుడు సోల్డరింగ్ ఐరన్ ముట్టుకోవడమే మానేశాడు.