నడక కంటే ముందు చర్మం, కిడ్నీలు

తాటిచెట్టు మీద నుంచి జారిపడిన గీత కార్మికుణ్ని చుట్టూ చేరినవాళ్లు ముందు లేపి కూర్చోబెడతారు. నీళ్లు తాగించి, చంకల కింద చేతులు వేసి ఎత్తి, ఆటోలో కుదేస్తారు. పూస విరిగినా లోపలి వెన్నుపాము అప్పటికి క్షేమంగానే ఉండి ఉంటే, ఈ ఎత్తడం దించడంలోనే నలిగిపోవచ్చు. మెడ, నడుము కదలకుండా బల్ల మీద పడుకోబెట్టాలని తెలిసినవాళ్లు ఊళ్లో ఎందరు?

చిటికెన వేలంత లావుండే వెన్నుపాము నుంచి 31 జతల నాడులు బయలుదేరతాయి. నడుము దగ్గర దెబ్బ తగిలితే కాళ్లు పడిపోతాయి, మెడ దగ్గరైతే చేతులూ పడిపోతాయి, ఇంకా పైనైతే ఊపిరే కష్టం. ఆపరేషన్ పూసలను సరిచేసి ఒత్తిడి తీస్తుంది కానీ, తెగిన నాడీ పోగులను అతకదు.

అయినా ఇంట్లోవాళ్లు మొదట అడిగేది ‘ఎప్పుడు నడుస్తాడు?’ అనే. ప్రాణం తీసేవి వేరే ఉన్నాయి. స్పర్శ లేని చోట పుండు పడితే మనిషికి తెలియదు. మూత్రసంచి నిండిన కబురు మెదడుకు చేరదు. అది ఖాళీ కాకపోతే మూత్రం వెనక్కి తన్ని కిడ్నీలను పాడుచేస్తుంది. 1944లో ఇంగ్లండ్‌లోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో వెన్నుపాము గాయాల విభాగం బాధ్యతలు తీసుకున్న డాక్టర్ లుడ్విగ్ గుట్‌మన్, పుండ్లు పడకుండా రోగులను రెండు గంటలకోసారి పక్కకు తిప్పించాడు. ఆయన 1948లో అక్కడ పెట్టిన పోటీల నుంచే పారాలింపిక్స్ పుట్టాయి. పతకాలు గుర్తున్నాయి గానీ, ఆ పక్కకు తిప్పడం ఎవరికీ పట్టలేదు. 1995లో గుర్రం మీద నుంచి పడి మెడ కింద ఒళ్లంతా చచ్చుబడిన హాలీవుడ్ నటుడు క్రిస్టఫర్ రీవ్‌కు డబ్బుకు కొదవ లేదు. అంతటివాడూ 2004లో ముదిరిన పడక పుండుకు చికిత్స పొందుతూనే చనిపోయాడు.

ఇక మన దగ్గర చాలామందికి డిశ్చార్జి రోజున చేతికొచ్చేది మందుల చీటీ, ఎక్స్‌రే కవరు. శుభ్రంగా గొట్టం పెట్టి మూత్రం తీయడం, పిరుదుల దగ్గర చర్మం ఎర్రబడిందేమో రోజూ చూడటం భార్యకో తల్లికో ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. చెట్టెక్కేవాళ్ల కోసం 2024లో తెలంగాణ ప్రభుత్వం కాటమయ్య రక్షణ కిట్లు మొదలుపెట్టింది. మంచి పనే. పడిపోయినవాడికీ ఒక కిట్టు కావాలి: గాలి పరుపు, నెలనెలా మూత్రం తీసే గొట్టాలు (క్యాథెటర్లు), ఇంటికొచ్చి వీపు చూసి వెళ్లే నర్సు. ఆపరేషన్ ఖర్చుతో పోలిస్తే ఇదెంత? శిక్షణ పూర్తయ్యాకే డిశ్చార్జి చేయాలని ప్రభుత్వాసుపత్రుల్లో నిబంధన పెట్టడానికైతే పెద్దగా నిధులు కూడా అక్కర్లేదు.